ఎండబెట్టిన దోనె

మా అమ్మ దోసెల పెనాన్ని పాడుచేసిన రోజునే నా చదువు సంగతి ఇంట్లోవాళ్ళకి అర్థమై ఉండాల్సింది. అప్పటికి నేను మెటీరియల్స్ ఇంజనీరింగు రెండో ఏడు. పెనం మీద నల్లగా పేరుకున్నదంతా తుప్పూ, మాడిన నూనే అనీ, అది ఒంట్లోకి పోతే మంచిది కాదనీ ఒక ఆదివారం పొద్దున్న అమ్మకి పాఠం చెప్పి, కాలేజీ నుంచి తెచ్చిన ఎమెరీ కాగితాలతో గంటన్నర సేపు రుద్దాను. గరుకు కాగితంతో మొదలుపెట్టి సన్న కాగితం దాకా, లాబులో నేర్పిన వరస తప్పకుండా రుద్దాను. ఆఖరికి పెనంలో నా మొహం కనిపించింది. ఆ తరవాత నెలరోజులు మా ఇంట్లో ఒక్క దోసె కూడా ముక్కలు కాకుండా ఊడి రాలేదు. అమ్మ నన్నేమీ అనలేదు గానీ, చుట్టాలెవరైనా అమ్మాయి ఏం చదువుతోందని అడిగితే "పెనాలు తోముతోంది" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఆ చదువు నేను కోరి తెచ్చుకున్నది కాదు. నేను కోరుకున్నది కంప్యూటర్లు. నా ర్యాంకు చూశాక అవి నన్ను కోరుకోలేదు. కౌన్సెలింగులో చివరికి మిగిలింది ఇది, అది కూడా తాడేపల్లిగూడెంలో. ఏలూరులో ప్యాసింజరు ఎక్కితే ఎంతోసేపు పట్టదు, పిల్లని దూరం పంపక్కర్లేదని నాన్న సంబరపడ్డారు. మొదటి ఏడాదంతా ఎవరైనా అడిగితే "ఇంజనీరింగు" అని ఊరుకునేదాన్ని. గుచ్చి గుచ్చి అడిగితే ఇనుము, పింగాణీ, ప్లాస్టిక్కు, చెక్క, వీటి లోపల ఏముంటుందో చూస్తామని చెప్పేదాన్ని. "చూసి?" అనేవారు. నాకూ అక్కడితోనే ఆగిపోయేది.

మూడో ఏడు వచ్చేసరికి సిగ్గు పోయి పొగరు వచ్చింది. మైక్రోస్కోపు కింద ఉక్కు లోపలి రేణువులు చూశాక, మిగతా ప్రపంచమంతా వస్తువుల్ని పైపైన చూసి బతికేస్తోందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. పెళ్ళి భోజనాల్లో స్టీలు గ్లాసుని గోటితో కొట్టి, అది ఏ రకం స్టీలో పక్కవాళ్ళకి చెప్పేదాన్ని. రైలు కిటికీ ఊచలు ఎందుకు కిందివైపే ఎక్కువ తుప్పు పడతాయో ఎదురుగా కూర్చున్న ఒకావిడకి వివరిస్తుంటే, ఆవిడ మర్యాదగా రెండు స్టేషన్లు విని, సంచి తీసుకుని అవతలి పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆవిడకి చదువు మీద ఆసక్తి లేదనుకున్నాను.

నాలుగో ఏడు ప్రాజెక్టు ఎంచుకోవాల్సి వచ్చింది. మా గైడు ఒక మేడమ్. మాట తక్కువ మనిషి. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా మన మొహంలోకే చూస్తారు. తోటివాళ్ళు అరటి నార, కొబ్బరి పీచు, గోగునార తీసుకున్నారు. అవన్నీ ఏటా ఎవరో ఒకరు తీసుకునేవే. నాకు ఎవరూ ముట్టనిది కావాలి కనక తాటి మాను అన్నాను. కొల్లేటిలో తాటి మానుని తొలిచి దోనెలు చేస్తారనీ, ఏళ్ళ తరబడి నీళ్ళలో తిరిగిన ఆ చెక్కకీ కొత్తగా కొట్టిన మానుకీ బలంలో తేడా ఎంతో కొలుస్తాననీ చెప్పాను. మేడమ్ తల ఊపారు. మూడున్నరేళ్ళలో నా మాటకి ఆవిడ తల ఊపడం అదే మొదలు. అంత పాత చెక్క ఎక్కడ దొరుకుతుందని అడిగితే, మా అటక మీద ఉన్నట్టు, దొరుకుతుంది మేడమ్ అన్నాను.

నాకు ఆ ధైర్యం నాన్న వల్ల వచ్చింది. నాన్న సైన్సు మాస్టారు. ఏలూరుకి బదిలీ కాకముందు కొల్లేటి లంకల్లో ఒక ఊరి బడిలో ఆరేళ్ళు పనిచేశారు. పొద్దున్న బస్సులో వెళ్ళి, సాయంత్రం బస్సులో వచ్చేసేవారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆయనంటే గౌరవం. ఫోన్ చేస్తే బడి పక్కనే ఉండే ఒక తాతగారి పేరు చెప్పారు. ఊళ్ళో తాటి దోనె మీద వేటకి వెళ్ళే మనుషుల్లో ఆయనే ఆఖరివాడట.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక శనివారం వెళ్ళాను. తాతగారు, వాళ్ళావిడ మామ్మగారు, ఇద్దరే ఉంటారు. కూతురు ఏలూరులో ఉంటుంది. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. మాస్టారి అమ్మాయినని చెప్పగానే అరుగు మీద చాప వేశారు. చెరువుల గట్టు దాటించి, కాలవలో కట్టేసి ఉన్న దోనె చూపించారు. మూడు నిలువుల పొడవు ఉంటుంది. లావుపాటి మొదలుని నిలువునా చీల్చి, లోపలి మెత్తటిదంతా తీసేసి, పైన చేవ మాత్రం ఉంచి, రెండో కొసన చెక్క బిగించారు. ఆయన చేతులతో ఆయనే చేసుకున్నారు, ఇరవై రెండేళ్ళ కిందట. దాని మీద వెళ్ళి లోతు లేని నీళ్ళలో మావులు పెట్టి, అంటే చేపలు పడే వెదురు బుట్టలు పెట్టి, మర్నాడు తీసుకొస్తారు. వాళ్ళిద్దరి తిండీ దాని మీదే. మళ్ళీ అలాంటిది చేద్దామన్నా చెట్టు దొరకదన్నారు. గట్లు వెడల్పు చేసినప్పుడు ముదురు తాటిచెట్లన్నీ పోయాయట. ఇప్పుడు అందరూ ఫైబర్ పడవలు కొనుక్కుంటున్నారు గానీ, పెద్ద పడవ గడ్డిలోకీ తూటి తీగల్లోకీ దూరదనీ, తనకి ఇదుంటే చాలనీ చెప్పారు. చెబుతూ దోనె అంచుని నిమిరారు.

నాకు కావలసింది చెప్పాను. ఆయన అంచు మీద నాలుగు వేళ్ళు ఆనించి చూశారు. తన కుడి కంట్లో శుక్లానికి ఏలూరులో ఆపరేషన్ ఉందనీ, అది అయి వచ్చాక అంచు మీద నాలుగు వేళ్ళ మేర తనే కోసి ఇస్తాననీ, దానివల్ల దోనెకేమీ కాదనీ అన్నారు. ఈలోగా కొత్త మానుతో నేను చేసుకోవలసిన పరీక్షలు చేసుకున్నాను. చెక్కని సన్నగా కోసి, మిషన్లో రెండు కొసలా బిగించి, తెగేదాకా లాగడమే మా పరీక్ష. నా మొదటి ఆరు ముక్కలూ లాగకముందే, బిగించిన చోటే విరిగాయి. ఏడోది నేను బిగించకుండా లాబ్ అసిస్టెంటు బిగించాడు. అది సవ్యంగా తెగింది.

మార్చిలో మళ్ళీ వెళ్ళాను. ఇంటికి తాళం ఉంది. ఆపరేషన్ అయింది, కంటికి నీళ్ళు తగలకూడదు కనక కొన్నాళ్ళు కూతురి దగ్గర ఉంటారని పక్కింటివాళ్ళు చెప్పారు. వచ్చినదాన్ని వచ్చినట్టు వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోలేదు. దోనెని ఒకసారి చూసి, అంచు కొలతలు తీసుకుందామని గట్టు దాటి కాలవ దగ్గరికి వెళ్ళాను.

దోనె మునిగిపోయి ఉంది. నీళ్ళ మీద అంచు కూడా కనపడటం లేదు. లోపల నాలుగైదు పెద్ద రాళ్ళున్నాయి. ఆ పెద్దాయన ఆస్పత్రిలో ఉంటే ఎవరో గిట్టనివాళ్ళు రాళ్ళేసి ముంచేశారనుకున్నాను. రాళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఎంత పద్ధతిగా పేర్చి ఉన్నాయో, దోనె తాడు గుంజకి ఎంత జాగ్రత్తగా కట్టి ఉందో నాకు కనిపించలేదు. లోపల ఏముందో చూడటం నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్న మనిషిని కదా, పైన ఉన్నవి నాకు ఆనవు.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అని మీరు అనుకుంటారు. కంటికి కట్టుతో పడుకున్న మనిషికి, మీ దోనె మునిగిపోయిందండీ అని చెప్పి కంగారు పెట్టడం ఎందుకని చేయలేదు. నా మంచితనం సరిగ్గా ఇలాంటప్పుడే బయటికి వస్తుంది. పక్క చెరువుకి కాపలా ఉండే ఇద్దరు మనుషుల్ని బతిమాలాను. వాళ్ళు జంగారెడ్డిగూడెం వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు, పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర పనిచేసినవాళ్ళు, దోనెల గురించి నాకు తెలిసినంతే వాళ్ళకీ తెలుసు. ముగ్గురం కలిసి రాళ్ళు తీసేసి, నీళ్ళు తోడేసి, దాన్ని గట్టు మీదికి లాగాం. నాచంతా కడిగాను. కింద తడి నిలవకుండా, గాలి ఆడేలా నాలుగు ఇటుకలు పెట్టించాను. ఒక పక్కే ఎండితే బాగుండదని, పొద్దుటి ఎండ ఒక వైపూ సాయంత్రం ఎండ ఒక వైపూ తగిలేలా తిప్పి మరీ పెట్టించాను. అది నా సొంత ఆలోచన.

ఫొటో తీసి నాన్నకి పంపాను. శభాష్ తల్లీ అని జవాబిచ్చారు. ఆరేళ్ళు ఆ కాలవ పక్క నుంచే నడిచి బడికి వెళ్ళి పిల్లలకి సైన్సు చెప్పిన మనిషి ఆయన. ఈ గుణం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు.

తరవాత తెలిసింది, ఊరివాళ్ళు ఒకరిద్దరు గట్టు మీద దోనెని చూశారట. మాస్టారి అమ్మాయిగారు దగ్గరుండి చేయించారు కదా, చదువుకున్నవారు, తాతే చెప్పి ఉంటాడని ఊరుకున్నారట.

హాస్టలుకి వచ్చి రిపోర్టు రాయడంలో పడ్డాను. కొత్త మాను ముక్కల్ని ఓవెన్లో ఆరబెడితే కొన్ని చివర్ల నుంచి నిలువునా పగిలాయి. అది ఎందుకు జరిగిందో ఒక పేజీ రాశాను. తడి చెక్కని గబగబా ఆరబెడితే పైపొర ముందు ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది కనక అది ముడుచుకోదు, ఆ పెనుగులాటలో పైపొర నార వెంట చీలిపోతుంది. బొమ్మ కూడా గీశాను, బాణం గుర్తులతో సహా. నా రిపోర్టు మొత్తంలో నేను ఎక్కడి నుంచీ ఎత్తిరాయకుండా సొంతంగా రాసిన పేజీ అదొక్కటే.

దోనె పైకి తీసిన పదహారో రోజున మేడమ్ ఆ పేజీ చదివారు. బాగుందన్నారు. నేను పొంగిపోతుండగా కళ్ళజోడు పైకి జరుపుకుని అడిగారు.

"మరి ఎండాకాలంలో వాళ్ళ దోనెలు పగలకుండా ఎలా చూసుకుంటారు?"

"కనుక్కుని చెప్తాను మేడమ్..." అనబోయాను. సగంలో ఆగిపోయాను. ఆవిడ అలవాటు ప్రకారం నా మొహంలోకే చూస్తున్నారు. నా మొహం ఎలా మారిందో గానీ, కూర్చోమ్మా అని కుర్చీ లాగారు. నేను కూర్చోలేదు. చేతిలో ఉన్న నా సొంత పేజీ వంక చూస్తున్నాను. పగలకుండా ఎలా చూసుకుంటారో నేను కళ్ళారా చూశాను. రాళ్ళతో సహా చూశాను.

మర్నాడు మొదటి బండికి ఏలూరు వచ్చి, అక్కడి నుంచి ఆటోలో ఊరికి వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే దండం పెట్టుకున్నాను, తాటి మాను గురించి నేను రాసిందంతా తప్పవ్వాలని. తప్పు కాలేదు. నా జీవితంలో నేను చెప్పినది చెప్పినట్టు జరగడం అదొక్కసారే. దోనె మొదలు దగ్గర నుంచి మూడొంతుల పొడవునా పగిలి ఉంది. పగుల్లో నా చేయి మణికట్టు దాకా పట్టింది.

తాతగారూ మామ్మగారూ ముందురోజే వచ్చారు. ఆయన నల్ల కళ్ళజోడు పెట్టుకుని దోనె పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు.

"ఎవరు తీశారో తెలీలేదమ్మా," అన్నారు నన్ను చూసి. "ఊళ్ళో ఎవర్నడిగినా సరిగ్గా చెప్పట్లేదు."

"నేనేనండీ," అన్నాను. "మునిగిపోయిందనుకున్నానండీ."

ఆయన పగులు అంచు మీద వేలితో రాశారు. తిడితే బాగుండును. మా వైపు మనుషులకి కోపం వచ్చినా అండీ పోదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. వేసవిలో వాడకం లేనప్పుడు రాళ్ళేసి ముంచేయాలి, ఎండ పొడ తగలకూడదు, వాళ్ళ నాన్నా తాతా కూడా అలాగే చేసేవారు. ఆపరేషన్‌కి వెళ్ళే ముందు ఒక పూటంతా పట్టింది, కళ్ళు సరిగ్గా కనపడక రాళ్ళు తడుముకుంటూ పేర్చానన్నారు.

నేను వెంటనే ఎపాక్సీ జిగురు గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. గ్లాస్ ఫైబరు వేసి అతికిస్తే అసలు చెక్క కంటే గట్టిగా ఉంటుందన్నాను. "అలాగేనమ్మా, చూద్దాం," అన్నారు. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి వద్దని అర్థమని తెలిసి కూడా మరుసటి వారం డబ్బాలతో వెళ్ళి అతికించాను. నీళ్ళలో వేసిన మూడో రోజుకి కూడా నా అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనే చెక్క కొత్తగా పగిలింది. నాన్న వచ్చి ఫైబర్ పడవ కొనిపెడతామంటే తాతగారు ఒప్పుకోలేదు. మా పిల్లలకి అక్షరాలు చెప్పినవారి దగ్గర తీసుకోవడమేమిటండీ అన్నారు.

ఆ రోజే ఆయన రంపం తెచ్చారు. మీకు కావలసిన ముక్క కోసుకోండమ్మా, మీ పరీక్ష దగ్గర పడుతోంది కదా అన్నారు. వద్దండీ అన్నాను, మనసులో కావాలనే ఉంది. రంపం పట్టుకున్నాను గానీ నాకు పట్టుకోవడం రాలేదు. పైగా పగులు పక్కనే కోయబోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, అక్కడ కోస్తే మీ లెక్క తప్పొస్తుంది, బాగున్నచోట కొయ్యాలి అని, పగులు లేని వైపు నుంచి తనే కోశారు. శాంపిల్ ఎక్కడి నుంచి తియ్యాలన్నది మాకు ఒక సెమిస్టరు పాఠం.

ఆ ముక్కలతో పరీక్షలు బ్రహ్మాండంగా వచ్చాయి. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గ్రాఫు రెండుసార్లు చూసి మెచ్చుకున్నారు. నాకు మంచి గ్రేడు వచ్చింది. క్లాసులో స్వీట్లు పంచమన్నారు, పంచాను, నేను తినలేదు. ఎందుకంటే ఆ గ్రాఫులో కొత్త మాను గీత, దోనె గీత దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు నీళ్ళలో తిరిగినా ఆ చెక్క బలం తగ్గలేదు.

ఫలితం వచ్చాక తాతగారు నాన్నకి ఫోన్ చేసి, అమ్మాయిగారి పరీక్ష ఏమైందని అడిగారట. వెళ్ళి చెప్పక తప్పదు. దారిలో ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. నీళ్ళలో నాని నాని లోపల బలం పోయిందండీ, నేను తియ్యకపోయినా ఏడాదిలో విరిగేది అని. అలా అంటే ఆయనకి బాధ తగ్గుతుందని నాకు నేను చెప్పుకున్నాను. తగ్గేది నా బాధ అని తెలుసు. అయినా రెండుసార్లు పైకి అని కూడా చూసుకున్నాను, ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు.

నేను వెళ్ళేసరికి తాతగారు అప్పుడే కొల్లేటి నుంచి వచ్చారు. ఇప్పుడు ఆయన తన బావమరిది ఫైబర్ పడవలో రెండో మనిషిగా వెళ్తున్నారు. గెడ బావమరిది వేస్తాడు, ఈయన ముందు కూర్చుని మావులు అందిస్తారు. పట్టినదాంట్లో వాటా. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని, నా మొహంలోకి చూశారు. ఆపరేషన్ అయిన కన్ను ఇప్పుడు బాగా కనపడుతోంది.

"బలం బాగా తగ్గిపోయిందామ్మా మా దోనెకి?"

నా అబద్ధం నోటి దాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. "తగ్గలేదండీ," అన్నాను. "కొత్త మానులాగే ఉంది."

ఆయన మొహం విప్పారింది. అది నేను అనుకోలేదు. నన్ను ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. ఆయన అరుగు మీద నుంచి లేచి, దడి అవతల ఉన్న బావమరిదిని కేకేశారు. మాస్టారి అమ్మాయిగారు మిషన్లో పెట్టి చూశారట, ఇరవై రెండేళ్ళైనా కొత్తదానిలాగే ఉందట, అప్పుడు ఆ చెట్టు వద్దన్నావు కదరా, ఏరి కొట్టింది నేను. నేను బ్యాగు పట్టీ పట్టుకుని నిలబడ్డాను. నా చదువంతటిలో ఒక మనిషికి నిజంగా పనికొచ్చిన మాట అదొక్కటే, అది కూడా ఈ మాట.

మామ్మగారు గుమ్మంలో కూర్చుని చేపలు బాగుచేస్తున్నారు. జరిగిన రోజు నుంచీ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తల ఎత్తకుండా, పని ఆపకుండా అన్నారు.

"అంత మంచిదాన్ని ఎండబెట్టేశారు కదమ్మా."

తాతగారు ఆవిడని ఊరుకోమన్నారు. ఆవిడ ఊరుకున్నారు. నేను అవునండీ అన్నాను.